షుగర్, బీపీ రెండూ ఉన్నప్పుడు పురుటికి పుట్టింటికి వెళ్ళవచ్చునా?

కె.ఆర్. పురం చెల్లెలు

అందరికీ నమస్కారం. మేము బెంగళూరులో ఉంటున్నాం. ఇది నా తొలి కాన్పు, ఇప్పుడు 30వ వారం నడుస్తోంది. 26వ వారంలో 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి రెండు గంటల తరువాత రక్తం తీస్తే షుగర్ 148 వచ్చింది. రెండు వారాలు పథ్యం చేసినా పరగడుపున 98, 101 వస్తూనే ఉండటంతో రాత్రి పడుకునే ముందు వేసుకోమని ఇన్సులిన్ రాశారు. గత వారం నుంచి బీపీ కూడా 138/88 దగ్గర తిరుగుతోంది. మా అమ్మవాళ్ళది మదనపల్లె దగ్గర పల్లెటూరు. సీమంతం చేసి పురుటికి తీసుకువెళ్ళడానికి వాళ్ళు ముహూర్తం కూడా చూసుకున్నారు. ఈ స్థితిలో వెళ్ళవచ్చునా? ఇన్సులిన్ వేసుకునేవారికి నొప్పుల సమయంలో ఏం చేస్తారు? బిడ్డకు ఏమైనా అవుతుందా? ఉదయం సంగటి తింటున్నాను, అది మంచిదేనని అందరూ అంటున్నారు.

రాయలసీమ వంటిల్లు

చెల్లెమ్మా, ఎవరేం చెప్పినా సంగటి మానవద్దు. అదే తూకం పాలలో కంటే రాగుల్లో రెండింతలకు పైగా క్యాల్షియం ఉంటుంది. మా అమ్మమ్మ ప్రతి కాన్పుకూ సంగటే తిన్నది, ఒక్కరికీ షుగర్ అన్న మాట రాలేదు. అన్నం పూర్తిగా మానేసి మూడు పూటలా సంగటి తినండి, ఆ సూదుల అవసరమే ఉండదు.

హొరమావు అక్క

పై మాటను దయచేసి పాటించవద్దు. నా రెండో కడుపులో 11 వారాలపాటు రోజుకు 4 సార్లు వేలు గుచ్చుకుని, ఏం తిన్నానో, ఎంత వచ్చిందో నోటుపుస్తకంలో రాసుకున్నదాన్ని నేను. పెద్ద ముద్ద ఒకటి చారుతో తిన్న రోజు రెండు గంటల తరువాత 168 వచ్చింది. అదే ముద్దలో సగం తిని, దానితో పాటు గిన్నెడు తోటకూర పప్పు, ఒక ఉడికించిన గుడ్డు తిన్న రోజు 116 వచ్చింది. రాగుల్లోనూ నూటికి 70 పాళ్ళ వరకు పిండిపదార్థమే ఉంటుంది. క్యాల్షియం ఉన్నంత మాత్రాన ఆ పిండి ఎక్కడికీ పోదు. ఇక రాగి జావ అయితే గొంతు దిగీ దిగకముందే షుగర్‌ను పైకి ఎత్తేస్తుంది.

రాయలసీమ వంటిల్లు

మీ ఒక్కరి నోటుపుస్తకాన్ని పట్టుకుని తరతరాల తిండిని తప్పుపట్టడం న్యాయం కాదు. బెంగళూరు హోటలులో చేతికి అంటుకునే ముద్ద తిని దానిని సంగటి అంటే ఎలా? మా ఇళ్ళలో రాళ్ళు ఏరి, ఇంట్లో విసిరిన పిండితో చేస్తాం. మీరు తిన్నది ఏ పిండో ముందు చెప్పండి.

హొరమావు అక్క

మాదీ పులివెందులే అక్కా, పిండి మా అత్తగారు విసిరి పంపినదే. మీరు సంగటి మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను, మన సంగటిలో ముందు బియ్యం ఉడికించి, ఆ మెతుకుల మీద పిండి వేసి గెలకడం లేదా? ఇక్కడి కన్నడవారి ముద్దలో ఉండేది ఉత్త రాగిపిండే. అంటే మన సంగటి తినే మనిషి అన్నం మానేశానని అనుకుంటూనే అన్నం తింటున్నట్టు. ఈ చెల్లెలు ఏ రకం తింటున్నదో, ఎంత తింటున్నదో తెలియకుండా మూడు పూటలా తినమని చెప్పడం నాకు భయం కలిగిస్తోంది. ఇన్సులిన్ మానవచ్చునన్న ఆశ పెట్టడం అంతకంటే తప్పు.

వైట్‌ఫీల్డ్ నాన్న

రాగుల చర్చను కాసేపు ఆపండి. ఆమె రాసిన 138/88 ఎవరికీ కనబడలేదా? నా భార్యకు 33వ వారంలో సరిగ్గా ఇవే అంకెలు. వేళ్ళు ఉబ్బి పెళ్ళి ఉంగరం ఇరుక్కుపోతే సబ్బునీళ్ళతో తీశాం. నీరు పట్టడం సహజమేనని ఇంట్లో అందరూ అన్నారు, నేనూ అన్నాను. 34వ వారంలో ఒక రాత్రి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి అన్నది. బయట బిర్యానీ తిన్నందువల్ల గ్యాసు పట్టిందనుకుని నేనే మందు తాగించి పడుకోబెట్టాను. తెల్లవారుజామున తలనొప్పి మొదలై, కళ్ళ ముందు మెరుపులు కనిపిస్తున్నాయన్నది. ఆసుపత్రికి చేరేసరికి బీపీ 164/112. మూత్రంలో ప్రొటీను నిండుగా ఉంది. ఆ నొప్పి గ్యాసు కాదని, కాలేయానికి దెబ్బ తగులుతోందని అప్పుడు చెప్పారు.

గుర్రపువాతం, అంటే బీపీ ముదిరి వచ్చే మూర్ఛ, రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు. ముందుగా నరంలోకి 4 గ్రాములు నెమ్మదిగా ఇస్తుంటే ఒళ్ళంతా మంటలు పుడుతున్నాయని ఆమె నా చేయి పట్టుకుని అరిచింది. తరువాత రెండు పిరుదులకూ 5 గ్రాముల చొప్పున పొడిచారు. నర్సమ్మ వచ్చినప్పుడల్లా చిన్న సుత్తితో మోకాలి మీద తట్టి కాలు ఎగురుతోందో లేదో చూసేది, మూత్రం సంచిలో ఎన్ని మిల్లీలీటర్లు చేరిందో రాసుకునేది. మందు మోతాదు మించితే ముందుగా తెలిసేది ఆ కాలు కదలికలోనే అట. బిడ్డ 1.9 కిలోలతో పుట్టి 12 రోజులు గాజుపెట్టెలో ఉంది. ఇద్దరూ ఇప్పుడు క్షేమమే. ఆ రాత్రి నేను గ్యాసు మందు తాగించడం మాత్రం ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు. అమ్మా, ఇంట్లో బీపీ మిషను పెట్టుకోండి. 140/90 దాటితే అదే రోజు వెళ్ళండి. తలనొప్పి, చూపు మసకబారడం, పైకడుపు నొప్పి, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు.

రెండోసారి అమ్మ, యలహంక

వైట్‌ఫీల్డ్ అన్నయ్య గారూ, కాన్పు అయిపోతే బీపీ కూడా పోతుందని మేమందరం నమ్మాం. నాకు ఇంటికి వచ్చిన తరువాత 5వ రోజున మళ్ళీ 156/100 వచ్చింది. పురిటి తరువాత ఆరు వారాల వరకూ ఇది తిరగబెట్టవచ్చునని నన్ను పంపించేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది. రెండోసారి గర్భం రాగానే మొదటి కాన్పు కాగితాలు చూసి, బీపీ మళ్ళీ ముదరకుండా 12వ వారం నుంచే తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇచ్చారు. ఈసారి 38 వారాలు నిండాయి.

బనశంకరి

నాది థైరాయిడ్ సమస్య. మాత్ర క్రమం తప్పకుండా వేసుకున్నా అంకె దిగిరాకపోవడంతో మోతాదు పెంచుకుంటూ పోయారు. చివరకు కారణం ఏమిటంటే, ఉదయం థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర, క్యాల్షియం మాత్ర మూడూ ఒకే గుక్క నీళ్ళతో మింగేస్తున్నాను. థైరాయిడ్ మాత్రకూ ఆ రెండింటికీ నడుమ నాలుగు గంటల ఎడం ఉండాలని మందుల కొట్టు అబ్బాయి చెబితే తెలిసింది. ఐరనూ క్యాల్షియమూ కూడా ఒకేసారి వేసుకోకూడదు. ఐరన్ మీద కాఫీ తాగకూడదు.

లేబర్ వార్డు, జయనగర్

నేను 27 సంవత్సరాలు లేబర్ వార్డులో పనిచేసి విశ్రాంతి తీసుకున్న నర్సును. నా చేతుల మీదుగా ఎన్ని వేల కాన్పులు జరిగాయో లెక్క లేదు కనుక కొంచెం అధికారంతోనే మాట్లాడతాను. సంగటి గురించి పోట్లాడిన ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. ఈ అమ్మాయికి ఇన్సులిన్ ఇచ్చింది పరగడుపు అంకె ఎక్కువగా ఉన్నందుకు. తెల్లవారి వచ్చే ఆ 98, 101 రాత్రంతా కాలేయం విడుదల చేసే చక్కెర వల్ల పెరిగినవి. ఉదయపు సంగటితో వాటికి సంబంధం లేదు. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలి. ఆమె సంగటి మానినా, మూడు పూటలా తిన్నా రాత్రి సూది అవసరం అలాగే ఉంటుంది.

ఇక ఆమె అడిగినదానికి జవాబు. నొప్పులు బాగా మొదలయ్యాక మామూలు సూది ఆపి, గంటకో రెండు గంటలకో వేలు గుచ్చి చూస్తూ, అవసరమైతే గ్లూకోజు, ఇన్సులిన్ డ్రిప్పుల ద్వారా ఇస్తారు. మాయ బయటపడగానే తల్లికి ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోతుంది. బిడ్డ సంగతి వేరు. కడుపులో తల్లి చక్కెరకు అలవాటుపడి తన ఇన్సులిన్ ఎక్కువగా తయారుచేసుకున్న బిడ్డకు బొడ్డు కోయగానే చక్కెర అందడం ఆగుతుంది, ఇన్సులిన్ మాత్రం ఉంటుంది. అందుకే మొదటి గంటలోపే రొమ్ముకు పట్టాలి, మడమ దగ్గర చిన్న సూదితో చక్కెర చూస్తూ ఉండాలి. నెలలు నిండకముందే కాన్పు చేయవలసివస్తే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ సూదులు ఇస్తారు. ఆ సూదులు తల్లి షుగర్‌ను కొన్ని రోజులు పైకి లాగుతాయి. అప్పుడు తిండి తప్పు చేశానని ఏడవవద్దు.

రాయలసీమ వంటిల్లు

నర్సమ్మ గారూ, అనుభవం మీకే కాదు, మాకూ ఉంది. నేను ఆ అమ్మాయికి హాని తలచలేదు. అయినా తిండి ఏదీ తినకుండా గ్లూకోజు తాగించకపోతే ఆ 148 ఎలా నమ్మాలి? మా కోడలికి కూడా అన్నం తిన్న గంటకే తాగించి షుగర్ అని తేల్చేశారు.

లేబర్ వార్డు, జయనగర్

అమ్మా, ఆ పరీక్ష పద్ధతే అది. మన గర్భిణులు పరగడుపున అంతదూరం వచ్చి గంటల తరబడి కూర్చోలేరని, ఎప్పుడు తిన్నారన్నదానితో పనిలేకుండా 75 గ్రాములు తాగించి రెండు గంటలకు 140 లేదా అంతకు మించితే షుగర్‌గా తీసుకోవాలని చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య గారు స్థిరపరిచారు. ఆయన పుట్టినరోజైన మార్చి 10ని గర్భిణుల మధుమేహ అవగాహన దినంగా జరుపుతున్నారు. మీ కోడలికి చేసినది సరైన పరీక్షే. కాన్పు అయిన ఆరు వారాలకు మళ్ళీ ఒకసారి గ్లూకోజు పరీక్ష చేయించారా?

రాయలసీమ వంటిల్లు

లేదు. చేయించాలని మాకు తెలియదు. పాపకు ఇప్పుడు ఎనిమిది నెలలు. ఈ వారమే తీసుకువెళతాను.

సిల్క్ బోర్డు బావగారు

పుట్టింటి విషయం అందరూ మరిచిపోయారు. మా చెల్లెలు 8వ నెలలో చిత్తూరు వైపు వెళ్ళింది. ఇక్కడి స్కానింగు రిపోర్టులన్నీ మా ఇంటి బీరువాలోనే ఉండిపోయాయి. అక్కడ రాత్రి ఒంటిగంటకు నొప్పులు వస్తే, డాక్టరుకు ఆమె రక్తం నెగటివ్ గ్రూపు అన్న సంగతి కూడా తెలియదు. నేను ఇక్కడినుంచి ఒక్కొక్క కాగితానికీ ఫోటో తీసి పంపాను. నెగటివ్ గ్రూపు తల్లికి తరువాతి కాన్పుల్లో బిడ్డకు ముప్పు రాకుండా ఇచ్చే యాంటీ-డి సూది, అదృష్టం బాగుండి కాన్పయిన 72 గంటల లోపే పడింది. వెళ్ళవద్దని నేను అనను. అక్కడ రాత్రి పూట మత్తు డాక్టరు దొరుకుతారా, రక్తం ఎంతసేపట్లో వస్తుంది, చంటిబిడ్డకు గాజుపెట్టె ఉన్న ఆసుపత్రి ఎంత దూరం అన్న మూడు ప్రశ్నలకు మీ నాన్నగారిచేత స్వయంగా జవాబు కనుక్కోమనండి.

కె.ఆర్. పురం చెల్లెలు

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు మూడూ కనుక్కున్నారు. గాజుపెట్టె ఉన్న ఆసుపత్రి మా ఊరినుంచి రెండు గంటల ప్రయాణం. అందుకని అమ్మే వచ్చే శనివారం ఇక్కడికి వస్తోంది, సీమంతం మా అపార్ట్‌మెంటు హాలులో చేస్తాం. అమ్మ మొదట కంటనీరు పెట్టుకుంది. తరువాత తన రోలు తెచ్చుకోవచ్చునా అని అడిగింది. బీపీ మిషను కొన్నాం, ఈ ఉదయం 134/86. మూత్రంలో ప్రొటీను లేదన్నారు. హొరమావు అక్క చెప్పినట్టు సగం ముద్ద, పప్పుతో తింటే రెండు గంటలకు 118 వచ్చింది. మాది బియ్యం కలిపిన సంగటే, నేను ఇన్నాళ్ళూ గమనించలేదు. ఒక్క సందేహం మిగిలింది. నొప్పులు రాత్రి మొదలైతే పడుకునే ముందు వేసుకునే సూది వేసుకోవాలా, వద్దా?

లేబర్ వార్డు, జయనగర్

మీరు నిర్ణయించుకోవద్దు తల్లీ. అప్పటికప్పుడు షుగర్ చూసుకుని ఆ అంకెతో మీ ఆసుపత్రి లేబర్ వార్డుకు ఫోను చేయండి. వాళ్ళు ఎంత చెబితే అంత. ఆ వార్డు నంబరును ఈరోజే మీ ఆయన ఫోనులోనూ, మీ అమ్మగారి ఫోనులోనూ వేసి ఉంచండి. షుగర్ మిషను, దాని స్ట్రిప్పులు, తాయి కార్డు (గర్భిణికి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య కార్డు) మూడూ ఒకే సంచిలో పెట్టి, ఆ సంచి తలుపు పక్కన తగిలించండి.