ఏడో తరగతి సైన్స్ పీరియడ్‌లో చంద్రయాన్ గ్రాఫు అవసరమా? ముందు సిలబస్ అవ్వాలా?

భీమిలి రోడ్డు టీచర్ (చర్చ మొదలుపెట్టినది)

మొన్న మా బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. ఒక నాన్నగారు లేచి, "మేడం, పాఠం పక్కనపెట్టి చంద్రయాన్ చూపిస్తున్నారట. అది పరీక్షలో రాదు కదండీ" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. అందుకే మీ అందరినీ అడుగుతున్నాను.

ఆ రోజు ఏం చేశానో ముందు చెప్తాను. ఉష్ణం పాఠం నడుస్తోంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగాక, విక్రమ్ ల్యాండర్‌లో ఉన్న ఛేస్ట్ అనే పరికరం పది సెన్సార్లతో చంద్రుడి మట్టిలోకి దిగి ఉష్ణోగ్రత కొలిచింది. పైన సుమారు 50 డిగ్రీలు. 8 సెంటీమీటర్ల లోతుకి వెళ్ళేసరికి సున్నాకి 10 డిగ్రీలు కిందికి పడిపోయింది. నాలుగు రోజులకే ఇస్రో ఆ గ్రాఫు బయటపెట్టింది.

నేను దాన్ని ముందుగా చూపించలేదు. కొత్త గదులు కట్టగా మిగిలిన ఇసుక కుప్ప బడి వెనకాల ఉంది. మిట్టమధ్యాహ్నం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళాను. ఒక జట్టు థర్మామీటరు ఇసుక మీదే పడుకోబెట్టింది: 47. ఇంకో జట్టు స్కేలుతో కొలిచి 5 సెంటీమీటర్లు దించింది: 38. మూడో జట్టు 10 సెంటీమీటర్లకి వెళ్ళింది. వాళ్ళకి 41 వచ్చింది! లోతుకి వెళ్తే తగ్గాలి కదా, పెరిగిందేమిటని అందరూ గోల. చివరికి ఒక అమ్మాయి పట్టుకుంది. వాళ్ళు పెద్ద గుంట తవ్వి థర్మామీటరు పెట్టారు, పైనున్న వేడి ఇసుక జారి లోపల పడింది. ఈసారి పుల్లతో సన్నటి కన్నం చేసి మళ్ళీ కొలిచారు. 33.

అప్పుడు గదిలోకి వచ్చాం. గదిలోని ప్యానెల్‌కి, అంటే డిజిటల్ తెరకి, ఆ రోజు నెట్ లేదు. ముందు రాత్రి ఫోన్‌లో దించుకున్న ఇస్రో గ్రాఫు చూసి బోర్డు మీద గీశాను. పిల్లలు ఒకే గ్రాఫు కాగితం మీద మా ఇసుక గీత, చంద్రుడి గీత వేశారు. మాది మెల్లగా దిగింది, చంద్రుడిది నుయ్యిలోకి దూకినట్టు పడింది. వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు: "టీచర్, అక్కడ గాలి లేదు కదా. మరి ఇసుక రేణువుకీ రేణువుకీ మధ్యన ఏముంటుంది?"

ఏమీ ఉండదు. అందుకే వేడి కిందికి దిగలేదు. థర్మాస్ ఫ్లాస్కు గోడల మధ్య గాలి తీసేస్తే టీ చల్లారనట్టే. ఇది నేను చెప్పేలోపే ముగ్గురు చెప్పేశారు.

దీనికి రెండు పీరియడ్లు పట్టాయి. ఒక పీరియడ్‌లో అయిపోవలసిన భాగం అది. నేను చేసింది తప్పా?

రిటైర్డ్ పీఎస్ మాస్టారు, గాజువాక

అమ్మా, పిల్లల్ని ఇసుక కుప్ప దగ్గరికి తీసుకెళ్ళారు, చాలా సంతోషం. నా అభ్యంతరం ఆ కుప్ప మీద కాదు, ప్యానెల్ మీద, తాజా వార్తల మీద.

ఆ మధ్య ఒక బడికి సాయానికి వెళ్ళాను. బీరువాలో బ్యాటరీలు, బల్బులు, తీగలు దుమ్ము పట్టి ఉన్నాయి. పిల్లలు మాత్రం విద్యుత్ వలయం పాఠం తెర మీద, ఫెట్ అనే కంప్యూటర్ సిమ్యులేషన్‌లో చేస్తున్నారు. అది చెడ్డదని అనను. నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పని, ఉచితంగా దొరుకుతుంది. కానీ తెర మీద తీగ కలిపిన మరుక్షణం బల్బు వెలుగుతుంది. మన విశాఖలో సముద్రపు గాలికి హోల్డరు తుప్పు పట్టి ఉంటుంది. తీగ మీది ప్లాస్టిక్ ఒలవకుండా చుట్టి ఉంటారు. సెల్లు పాతదై ఉంటుంది. ఎందుకు వెలగలేదో వెతికిన పిల్లవాడికే వలయం అంటే ఏమిటో తెలుస్తుంది.

ఇక తాజా వార్తల సంగతి. 2011 సెప్టెంబరులో, స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకి 730 కిలోమీటర్లు వెళ్ళిన న్యూట్రినోలనే అతి చిన్న కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందు చేరాయని వార్త వచ్చింది. నేను ఎనిమిదో తరగతిలో ఎంతో ఉత్సాహంగా చెప్పాను. కాంతిని మించిన వేగం లేదన్న ఐన్‌స్టీన్ మాట మారిపోవచ్చు అన్నాను. మరుసటి ఏడాది తేలింది, సమయం కొలిచే ఏర్పాటులో ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వదులుగా ఉందని. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలకి గట్టిగా నిలిచిన విషయం చెప్పాలి. ఇంకా ఉడకని అన్నం వడ్డించకూడదు.

ఎంవీపీ కాలనీ అమ్మ

ఇద్దరూ టీచర్ల వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను తల్లిగా చెప్తాను.

మా అమ్మాయి ప్రైవేటు స్కూల్లో ఎనిమిదో తరగతి. 2025 మార్చిలో శనికి కొత్తగా 128 ఉపగ్రహాలు గుర్తించారని, మొత్తం 274 అయ్యాయని చదివింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. తర్వాత యూనిట్ టెస్టులో బిట్ వచ్చింది: ఎక్కువ ఉపగ్రహాలున్న గ్రహం ఏది? అది 'శని' అని రాసింది. గైడులో 'గురుడు' అని ఉంది. తప్పు కొట్టారు. వెళ్ళి అడిగితే "గైడులో ఉన్నదే రాయాలి" అన్నారట.

అర మార్కు పోతే పోయింది. ఆ రాత్రి అది "ఇంక పుస్తకంలో లేనివి చదవనమ్మా" అంది. నాకు నిద్ర పట్టలేదు. కొత్త సంగతులు చెప్పడం మొదలుపెట్టే ముందు ప్రశ్నపత్రం దిద్దే చేతిని మార్చండి. అది చేయలేకపోతే పిల్లల్లో ఆశ రేపకండి.

పెద్ద జాలరిపేట కుర్రోడు

నేను డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటున్నాను. మా నాన్నది వేట. నాకొక్కటే చెప్పాలనుంది.

మా నాన్న ఫోన్‌కి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచి చేపలు దొరికే చోటు గురించి సమాచారం వస్తుంది. ఏ దిక్కు, ఒడ్డు నుంచి ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు, అన్నీ తెలుగులోనే. చిన్నప్పుడు నేను దాన్ని వాతావరణం వార్త అనుకునేవాణ్ణి. కాలేజీలోకి వచ్చాకే తెలిసింది. ఉపగ్రహం సముద్రం పైనీటి వేడినీ, నీటి రంగునీ చూస్తుందట. రంగుని బట్టి పత్రహరితం ఎక్కడ ఎక్కువుందో తెలుస్తుంది. పత్రహరితం ఉందంటే కంటికి కనబడని నీటి మొక్కలున్నాయి. వాటిని తినే చిన్న జీవులు, వాటి వెనక చిన్న చేపలు, వాటి వెనక పెద్ద చేపలు. అంటే ఆహార గొలుసు! బడిలో మాకు ఆ పాఠం గడ్డి, మిడత, కప్ప, పాము అని చెప్పారు. రాసేశాను, మార్కులొచ్చాయి. మా ఇంట్లో అన్నం పెట్టేది అదే పాఠమని ఎవరూ చెప్పలేదు.

మబ్బు పడితే ఆ సమాచారం రాదు. ఎందుకు రాదు అని నేను ఆరో ఏడో తరగతిలో అడిగి ఉంటే ఎంత బాగుండేదో.

భీమిలి రోడ్డు టీచర్

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా తరగతిలో పదకొండు మంది వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలు. ఇన్నేళ్ళుగా నేనూ ఆ గడ్డి, మిడతే చెప్తున్నాను.

మాస్టారూ, తీగ చేత్తో కలిపాకే తెర దగ్గరికి వెళ్ళాలన్న మీ మాటకి పూర్తిగా ఒప్పుకుంటాను. మా బడిలో ఇకపై అదే వరస. కానీ చంద్రుడి మట్టిని ముట్టుకోలేం. తుఫాను కన్నునీ ముట్టుకోలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీదికి వచ్చినప్పుడు వీళ్ళు పుట్టీ పుట్టని పసివాళ్ళు. ఇంట్లో పెద్దలు ఆ రోజు గురించి చెప్తే విన్నారు. మధ్యలో గాలి కాసేపు ఆగి మళ్ళీ ఎదురుదిక్కు నుంచి ఎందుకు కొట్టిందో ఉపగ్రహ చిత్రం లేకుండా నేను చెప్పలేను.

ఒక్క మాట అడగాలనుంది. 2012లో ఆ కేబుల్ సంగతి బయటపడ్డాక, మీరు పిల్లలకి చెప్పారా?

రిటైర్డ్ పీఎస్ మాస్టారు, గాజువాక

చెప్పానమ్మా. ఆ పిల్లలు అప్పటికి తొమ్మిదిలోకి వచ్చారు. వాళ్ళ గదికి వెళ్ళి, "నేను చెప్పింది నిలవలేదు, తీగ వదులుగా ఉందట" అన్నాను. ఒక పిల్ల లేచి, "మన ల్యాబ్‌లో అమ్మీటరు ముల్లు కదలకపోతే మీరూ ముందు తీగలే చూడమంటారు కదండీ" అంది.

ఆ మాట ఇన్నాళ్ళూ నాకు గుర్తుంది. ఇది రాసేటప్పుడు కూడా మొదట దాన్ని నష్టంగానే లెక్కేశాను. మీరు అడిగాక ఆలోచిస్తున్నాను. తీగల గురించి నా మాట మాత్రం మారదు.

ఎంవీపీ కాలనీ అమ్మ

మరి మా అమ్మాయి సంగతి?

భీమిలి రోడ్డు టీచర్

మీ అమ్మాయి రాసిందే సరైన జవాబు. ముందు ఆ మాట తనకి చెప్పండి, ఒక టీచర్ చెప్పిందని చెప్పండి.

మా తరగతిలో మారిపోయే సంగతి ఏది రాసినా పక్కన తేదీ వేయిస్తాను. 'శనికి 274 ఉపగ్రహాలు, 2025 మార్చి నాటికి' అని. పుస్తకంలో వేరేగా ఉంటే దాని కింద పుస్తకం అచ్చయిన ఏడు వేస్తారు. రెండూ నోటుబుక్కులో ఉంటాయి. దిద్దేటప్పుడు రెంటికీ మార్కు ఇస్తాను. బోర్డు పరీక్ష పదిలోనే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో పేపరు దిద్దేది చాలావరకు మనమే కాబట్టి ఈ పని మా చేతిలో ఉంది. మీ స్కూల్లో సైన్స్ టీచర్ని కలిసి ఇలా అడిగి చూడండి. తేదీ వేసి రాసిన జవాబుని కొట్టేయడానికి చెయ్యి అంత తేలిగ్గా రాదు.

పెద్ద జాలరిపేట కుర్రోడు

మేడం, మా నాన్నని మీ బడికి తీసుకొస్తాను. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, అప్పుడు ఆ సమాచారం కూడా రాదు. మార్చిలోపు ఏ శనివారమైనా చెప్పండి. ఫోన్‌లో పాతవి చెరపొద్దని ఇప్పుడే చెప్పాను.