ఎనిమిదవ ఎడ్వర్డ్ వివాహానికి అడ్డుపడిన చట్టం ఏది?

బ్రిటన్ రాజ్యాంగ చరిత్ర తెలిసినవారు నా సందేహం తీర్చవలసిందిగా మనవి. 1936 డిసెంబరు 10న తన నివాసమైన ఫోర్ట్ బెల్వెడియర్‌లో ముగ్గురు తమ్ముళ్లు సాక్షి సంతకాలు చేయగా ఎనిమిదవ ఎడ్వర్డ్ సింహాసనాన్ని వదులుకున్నాడు. ఆయన పెళ్లాడదలచిన అమెరికన్ మహిళ వాలిస్ సింప్సన్ అప్పటికే ఒకసారి విడాకులు పొంది, రెండవ భర్తతోనూ విడిపోతున్నందున, ఇంగ్లండ్ చర్చికి అధిపతి అయిన రాజు ఆమెను పెళ్లాడితే ప్రజలు ఒప్పరని ప్రధాని బాల్డ్విన్ పట్టుబట్టాడు. రాణి హోదా లేని భార్యగా ఆమెను స్వీకరిస్తానన్నా మంత్రివర్గం ససేమిరా అంది.

అయితే అప్పట్లో అమలులో ఉన్న 1772 నాటి రాజవంశ వివాహాల చట్టం రాజవంశంలో మిగిలినవారు పెళ్లికి రాజు అనుమతి పొందాలందే తప్ప రాజును కట్టడి చేయలేదు. కాథలిక్కులను పెళ్లాడరాదని అప్పట్లో ఉన్న నిషేధమూ ఇక్కడ వర్తించలేదు. అటువంటప్పుడు మంత్రుల సలహాను తోసిరాజని ఆయన పెళ్లి చేసుకుని ఉంటే, మంత్రివర్గం మూకుమ్మడిగా రాజీనామా చేయడం తప్ప పార్లమెంటుకు చట్టపరంగా వేరే మార్గం ఉండేదా?

మరొకటి, నాకు పెళ్లి గొడవకన్నా ఆసక్తికరంగా తోచినది: పదవీత్యాగ చట్టం బ్రిటన్‌లో 11న అమలులోకి రాగా, అప్పటికి అదే రాజు కింద ఉన్న ఐర్లండ్ తన సొంత చట్టాన్ని 12న చేసుకుంది. ఐర్లండ్ వంటి స్వపరిపాలిత దేశాలకు తమ చట్టాలు తామే చేసుకునే అధికారమిచ్చిన 1931 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం ప్రకారం, ఆ ఒక్కరోజు బ్రిటన్‌కు ఎడ్వర్డ్ తర్వాత రాజైన తమ్ముడు ఆరవ జార్జి, ఐర్లండ్‌కు ఎడ్వర్డ్ రాజులుగా ఉన్నట్టేనా? వీలైతే సంబంధిత సెక్షన్లతో సహా వివరించగలరు.