ఈ పొట్టి గుర్రం ఏ జాతిది?

జట్కా మనవడు:
మా మేనల్లుడు ఉద్యోగం మీద దక్షిణాఫ్రికా మధ్యలో ఉన్న లెసోతో దేశం వెళ్లాడు. మొన్న ఒక ఫోటో పంపాడు. దుకాణం ముందు కట్టేసిన గుర్రం. మా తాతగారు తెనాలిలో జట్కా తోలేవారు కాబట్టి గుర్రం కనబడితే నా చూపు ముందు కాళ్ల మీదికే పోతుంది. దీని కాళ్లు పొట్టి, గిట్టలు మాత్రం రాళ్లలా ఉన్నాయి, నాడాలు లేవు. మెడ చూస్తే పొడుగు, సన్నం. తిండి చాలక గిడసబారిందా, జాతే అంతా? ఆఫ్రికాకు సొంత గుర్రాలున్నాయని నేను వినలేదు. చారల గుర్రం సంగతి అడగడం లేదు, దయచేసి దాని ఫోటోలు పెట్టకండి.

మసేరు లెక్కల మాస్టారు:
అది బసూటో గుర్రం. లెసోతో రాజధాని మసేరులో ఆరేళ్లు లెక్కలు చెప్పాను, సెలవుల్లో సెమోంకోంగ్ కొండల్లో వీటి మీదే తిరిగాను. మీ అనుమానం సగం నిజమే. 1650ల్లో డచ్చివాళ్లు జావా నుంచి ఆఫ్రికా దక్షిణ కొసనున్న కేప్‌కు గుర్రాలు తెచ్చారు. తర్వాత వాటిలో అరబ్బీ, ఇంగ్లిషు గుర్రాల రక్తం కలిసింది. 1830 ప్రాంతంలో, మొష్వేష్వే రాజు కాలంలో, అవి లెసోతోలోని బసోతో ప్రజల చేతికి వచ్చాయి. కొన్నవి కొన్ని, దోచినవి కొన్ని. ఆ కొండల్లో వాటికి కొట్టమూ లేదు, దాణా లేదు. మంచు పడినా బయటే మేయాలి. తట్టుకోలేనివి పోయాయి. మిగిలినవాటి సంతతే మీ ఫోటోలోది.

మొదటిసారి ఏటవాలు దిగుతూ భయంతో కళ్లెం బిగించాను. వెంట వచ్చిన కుర్రాడు గొంగడి భుజాన సర్దుకుంటూ "వదిలేయండి, దారి దానికి తెలుసు" అన్నాడు. వదిలేశాను. రాయి రాయినీ చూసుకుని అడుగు వేసింది. దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతివాళ్లతో జరిగిన బోయర్ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం వీటిని వేలల్లో కొనుక్కుపోయింది. మేలైనవి అలా పోయాక జాతి చాలా దెబ్బతింది.

పశువైద్యుడు:
మాస్టారూ, చలి చంపిందన్నారు, కాపాడిందీ అదే. ఆఫ్రికాలో గుర్రాలకు ఒక వైరస్ జబ్బు ఉంది. కంటికి ఆననంత చిన్న కుట్టే ఈగలు దాన్ని మోస్తాయి. 1854–55లో కేప్ ప్రాంతంలో దాదాపు 70,000 గుర్రాలు చచ్చాయి. 1960లో మన దేశానికీ వచ్చింది. లెసోతో అంతా సముద్రమట్టానికి 1,400 మీటర్ల పైనే, చలికి ఆ ఈగల బెడద తక్కువ. అన్నట్టు, 1952లో దక్షిణాఫ్రికా ప్రభుత్వం బసూటో గుర్రాలతోనే మొదలుపెట్టి నూయిట్‌గెడాఖ్ట్ అనే కొత్త జాతిని పెంచింది. ఉత్తరాన మొరాకో వైపు బార్బ్ గుర్రాలు వేరు, వాటిది పెద్ద కథ.

జట్కా మనవడు:
ఇద్దరికీ నమస్కారాలు. మీ జవాబులు చదివి వినిపిస్తే మావాడు వెళ్లి ఆ గుర్రాన్ని అమ్ముతారా అని అడిగాడట. యజమాని నవ్వి, ఎక్కి వెళ్లిపోయాడట. మా తాతగారు ఉంటే మాత్రం జావా, కేప్ ఏవీ వినిపించుకునేవారు కాదు. దాణా అక్కర్లేని గుర్రం అన్న దగ్గరే ఆగిపోయేవారు.