చిలక ముక్కుకు గమ్ చాలా, కుట్టు కూడా పడాలా?

బెజవాడ_బొంత: గోడకు తగిలించే క్విల్ట్ (దూది పెట్టి కుట్టే బొంత) చేస్తున్నాను. మంగళగిరి కాటన్ మీద పెడన కలంకారీ గుడ్డలోంచి కత్తిరించిన చిలకలు. అన్నీ ఫ్యూజింగ్ గమ్‌తో ఇస్త్రీ చేసి అతికించాను. ముక్కులు మాత్రం శనగగింజంతే ఉన్నాయి. జిగ్‌జాగ్ వేస్తే ముక్కు పోయి దారమే కనిపిస్తోంది. వదిలేయనా?

గుంటూరు_సూది: వదలొద్దండి. 11 నంబరు సూది, సన్న దారం, అంచుకు 1.5 మి.మీ. లోపలగా సాదా కుట్టు. మలుపులో సూది గుడ్డలో దించి ఉంచి, మిషన్ పాదం ఎత్తి గుడ్డ తిప్పండి. చక్రం చేత్తోనే తిప్పుకోండి, మోటారు వద్దు.

పటమటక్క: గోడ మీద వస్తువును ఎవరు ఉతుకుతారమ్మా? గమ్ చాలు. మందం గమ్ అయితే సూదికి అంటుకుని కుట్లు తప్పుతాయి కూడా.

లక్ష్మీటైలర్: చేత్తో కాజా కుట్టు వేస్తే ఆ అందమే వేరు.

పటమటక్క: శనగగింజ చుట్టూ కాజా కుట్టా? కళ్లు పోతాయి తల్లీ.

గుంటూరు_సూది: ఉతక్కపోయినా ఊడుతుంది. నిరుడు కుట్టు క్లాసులో నాకూ గమ్ చాలనే చెప్పారు. మా అమ్మాయి గృహప్రవేశం నాడు, నేను చేసి గోడకు తగిలించినదాని చిలక ముక్కు ఊడి రవ్వకేసరిలో పడింది. మా వియ్యపురాలు చెర్రీ ముక్కనుకుని చెంచాతో నోటిదాకా తీసుకెళ్లారు.

కృష్ణలంక22: చెర్రీ ముక్క! నవ్వలేక చస్తున్నా.

పటమటక్క: గంజి పోకుండా అతికించి ఉంటారు. గంజి మీద గమ్ పట్టదు. ఇస్త్రీపెట్టె కూడా ఒత్తి పట్టుకోవాలి, చొక్కా మీద రుద్దినట్టు రుద్దకూడదు.

గుంటూరు_సూది: రెండుసార్లు ఉతికాను. ఒత్తే పట్టాను. తప్పు నాదేనని ఎలా తేల్చేశారు?

కృష్ణలంక22: కనిపించని దారంతో కుట్టేస్తే గొడవ ఉండదుగా?

లక్ష్మీటైలర్: నైలాన్‌ది వద్దు, వేడి ఇస్త్రీకి కరుగుతుంది. పాలిస్టర్‌ది తీసుకోండి.

గుంటూరు_సూది: పటమటక్కా, మీరు అమ్మేవాటికి కుట్టు ఉంటుందా, ఉండదా? అది చెప్పండి.

పటమటక్క: ఉండదు. 60 ఆకులున్న తీగకు చుట్టూ కుట్టాలంటే రెండు రోజులు. 800 చెప్తే 600కి ఇవ్వమంటారు. ఆ రెండు రోజుల కూలీ మీరిస్తారా?

గుంటూరు_సూది: కూలీ మాట కాదండీ. గమ్ ఒక్కటే ఉందని చెప్పి అమ్మండి. ఆ క్లాసులోనూ ఆ ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే గుమ్మం దగ్గర తగిలించేదాన్ని, భోజనాల బల్లకు పైన కాదు.

పటమటక్క: చెప్తే ఎవరు కొంటారు?

గుంటూరు_సూది: ఇప్పుడు బయటపడింది అసలు సంగతి.

పటమటక్క: ఏం బయటపడింది? మిషన్ ముందు నడుం పడిపోయేది నాది. మీకు సరదా, నాకు ఇంటద్దె.

బెజవాడ_బొంత: మీరు కానివ్వండి, నా పని అయిపోయింది. దూది, అడుగు గుడ్డ పెట్టాక పొరలన్నీ కలిపే క్విల్టింగ్ కుట్టునే ముక్కుల మీదుగా పోనిచ్చాను. ఒక్కో ముక్కుకు నాలుగైదు కుట్లు పడ్డాయి, గోరుతో లాగినా రావట్లేదు. 11 చిలకల్లో ఒకదాని ముక్కు వంకరపోయింది. దాన్ని బీరువా వైపు పెడతాను.