మా కుక్క ద్రాక్ష తిన్నా ఏం కాలేదు, ఈ "పెట్టకూడని" లిస్టులు నమ్మాలా?

నల్లముక్కు:
కుక్కలకు పెట్టకూడనివంటూ ఎక్కడ చూసినా ఓ పెద్ద లిస్టు. ద్రాక్ష వద్దు, ఉల్లి వద్దు, చాక్లెట్ వద్దు, అవకాడో వద్దు, పాలు వద్దు. మావాడు మేం తినేవన్నీ తింటూనే పెరిగాడు, ద్రాక్షపళ్ళు కూడా తిన్నాడు, గుండ్రాయిలా ఉన్నాడు. వేల ఏళ్ళుగా కుక్కలు మనిషి పెట్టిందే తిని బతికాయి కదా? ప్యాకెట్ ఫుడ్ అమ్ముకోవడానికే ఈ భయం పెంచారని నా అభిప్రాయం. కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

చిట్టితోక:
అన్నిటినీ ఒకే గాటన కట్టడం తప్పు, అంతవరకు మీ మాట ఒప్పుకుంటాను. పాలు తాగితే చాలా కుక్కలకు విరేచనాలవుతాయి, అంతకుమించి భయపడాల్సింది లేదు. అవకాడోలోని పెర్సిన్ అనే పదార్థం పక్షులకు ప్రమాదం, కుక్కలు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. పేగులో ఇరుక్కునే ఆ గింజకే ఎక్కువ భయపడాలి. మనిషి దగ్గర పెరిగి పిండిపదార్థాలు అరిగించుకోవడం అలవడిందన్నదీ నిజమే, తోడేళ్ళతో పోలిస్తే కుక్కల్లో పిండిని అరిగించే ఎమైలేజ్ అనే ఎంజైము జన్యువు నకళ్ళు ఎక్కువని 2013లో తేలింది. అయితే అన్నం అరిగించుకోగలిగినంత మాత్రాన ద్రాక్షను తట్టుకోగలదని కాదు.

ద్రాక్షతో చిక్కేమిటంటే, ఎన్ని తింటే ప్రమాదమో ఎవరూ గీత గీసి చెప్పలేరు. ద్రాక్ష తిన్న కుక్కల కిడ్నీలు దెబ్బతినడానికి కారణం అందులోని టార్టారిక్ ఆమ్లం అయ్యుండొచ్చని 2021లో అమెరికాలోని పశువైద్యులు గుర్తించారు. బేకింగ్‌లో వాడే క్రీమ్ ఆఫ్ టార్టార్ (ఆ ఆమ్లపు లవణమే) తిన్న కుక్కల్లోనూ అచ్చం ఇలాగే కిడ్నీలు దెబ్బతినడం చూసి వాళ్ళకు ఆ అనుమానం వచ్చింది. ఈ ఆమ్లం ద్రాక్ష రకాన్ని బట్టి, పండిన తీరును బట్టి మారిపోతుంది. అందుకే ఒక కుక్క గుప్పెడు తిని హాయిగా తిరుగుతుంది, ఇంకోటి కొన్ని తిన్నందుకే వాంతులు మొదలై ఒకటి రెండు రోజుల్లో మూత్రం ఆగిపోయే స్థితికి వస్తుంది. మీవాడికి ఏం కాలేదంటే ఆ రోజు తిన్న ఆ పళ్ళతో ఏం కాలేదనే అర్థం, రేపటి గుత్తికి అది హామీ కాదు. ఎండుద్రాక్ష ఇంకా ప్రమాదం, నీరు పోయి అదే సరుకు చిక్కబడుతుంది. కేకుల్లో, బిస్కెట్లలో ఉన్నదీ లెక్కలోకే వస్తుంది.

లెక్కలమనిషి:
చాక్లెట్ అలా కాదు, దాన్ని లెక్క కట్టొచ్చు. దాంట్లోని థియోబ్రోమిన్ కుక్క ఒంట్లోంచి మనకంటే చాలా నెమ్మదిగా పోతుంది, సగం తగ్గడానికే సుమారు 17 గంటలు. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల దగ్గర వాంతులు, కుదురు లేకపోవడం, 40-50 దగ్గర గుండె లయ తప్పడం, 60 దగ్గర ఫిట్స్. మిల్క్ చాక్లెట్‌లో గ్రాముకు 2 మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటే, తీపి కలపని బేకింగ్ చాక్లెట్‌లో 14 దాకా ఉంటుంది. పది కిలోల కుక్క 100 గ్రాముల మిల్క్ చాక్లెట్ తింటే 20 అంచున ఉంటుంది, అదే బేకింగ్ చాక్లెట్ అయితే 140. కాబట్టి మిల్క్ చాక్లెట్ చిన్న ముక్క తింటే టెన్షన్ పడి ఇల్లు పీకి పందిరెయ్యక్కర్లేదు, రేపర్ చూసి ఏ రకం, ఎన్ని గ్రాములు అన్నది డాక్టరుకు చెప్పండి.

నల్లముక్కు:
ద్రాక్ష సంగతి విన్నాను, ఆపేస్తాను. ఉల్లి మాత్రం ఒప్పుకోను. వండినదాంట్లో ఎంతో కొంత ఉల్లి ఉండనే ఉంటుంది, వండాక ఇంకా విషమేంటి?

చిట్టితోక:
వండినా పోదండీ, అదే దాంతో వచ్చిన చిక్కు. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక సమ్మేళనాలు ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి, మంట మీద పెడితే అవి విరిగిపోవు. కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లితో రక్తంలో మార్పు కనిపిస్తుంది, అంటే పది కిలోల కుక్కకు ఒక పెద్ద ఉల్లిపాయ. ఎప్పుడో ఒక ముక్క తగిలితే ఏమీ కాకపోవచ్చు. రోజూ కొంచెం కొంచెంగా పడుతుంటే, లేదా ఉల్లిపొడి, వెల్లుల్లిపొడి పడితే కథ మారుతుంది, పొడిలో సరుకు చిక్కగా ఉంటుంది కదా.

తిన్న వెంటనే ఏమీ కనిపించదు కాబట్టే జనం ఏం కాలేదు అనేసుకుంటారు. కణాలు చిట్లడం బయటపడేది కొన్ని రోజుల తర్వాత. పై పెదవి ఎత్తి చిగురు చూడండి, ఆరోగ్యంగా ఉన్న కుక్కకు (చిగురు సహజంగా నల్లగా లేకపోతే) గులాబీరంగులో ఉంటుంది, వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ రంగెక్కాలి. చిగురు పాలిపోయినా, పసుపు తిరిగినా, మూత్రం ముదురు ఎరుపులో పోసినా తెల్లారేదాకా ఆగకండి.

వాకిలికాపలా:
అందరూ ద్రాక్ష, ఉల్లి దగ్గరే ఆగిపోయారు గానీ నాకు అన్నిటికన్నా భయం జైలిటాల్. షుగర్‌ఫ్రీ చ్యూయింగ్ గమ్‌లో, కొన్ని పీనట్ బటర్లలో, కొన్ని టూత్‌పేస్టుల్లో ఉండే తీపి. మనకు ఏమీ చేయదు, కుక్క ఒంట్లో మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా ఎగదన్ని, తరచూ గంటలోపే షుగర్ పడిపోతుంది. కుక్క తూలుతుంది, కూలబడుతుంది. కిలోకు 0.1 గ్రాము చాలు, 0.5 దాటితే కాలేయం కూడా పాడవ్వొచ్చు. ఈసారి పీనట్ బటర్ డబ్బా తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి, కొన్నిటి మీద బర్చ్ షుగర్ అని రాస్తారు, అదీ ఇదే.

నల్లముక్కుగారూ, ఇంటి తిండి మానమని ఎవరూ అనట్లేదు. ఎముక లేకుండా ఉడికించిన చికెన్, ఉత్త అన్నం, ఉడికిన గుడ్డు, క్యారెట్, గుమ్మడికాయ, గింజలు తీసిన యాపిల్ నిక్షేపంగా పెట్టండి. ఉడికిన ఎముకలు మాత్రం వద్దు, సూదిగా విరిగి పేగుకు గుచ్చుకుంటాయి.

ఇంకోటి, పొరపాటున ఏదైనా తినేస్తే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించమని చెప్పేవాళ్ళు ఉంటారు. దయచేసి చేయకండి. ఆ ఉప్పే రక్తంలో సోడియం పెంచి ఫిట్స్ తెప్పిస్తుంది. ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, కుక్క బరువెంత అన్న నాలుగు ముక్కలు చీటీ మీద రాసుకుని ముందు వెటర్నరీ డాక్టరుకు ఫోన్ చేయండి. వాంతి చేయించాలా వద్దా అన్నది ఆయన చెబుతారు.