సమస్య (ఈ మాట చివరి పాదంగా వచ్చేలా ఆటవెలది పద్యం అల్లాలి): "గోష్ఠి జరుగుచోట గోవులుండు"

సభాపతి: నిన్న పేపర్లో ఒకే పేజీలో విలేకరుల గోష్ఠి, కవిగోష్ఠి, ఇష్టాగోష్ఠి మూడూ కనిపించాయి, ఈ పాదం అక్కడ పుట్టింది. "గోష్టి" అని రాసినవాళ్ళ పూరణ తిప్పి పంపుతాను, అది ఠకారం.

కృష్ణాతీరం:
గోవు వాక్కటంచుఁ గోశమ్ము పలుకంగ
పలుకు లేని సభల ఫలము గలదె?
ఆవు పాలవోలె నమృతమ్ము గురియంగ
గోష్ఠి జరుగుచోట గోవులుండు

ఓరుగల్లు: గోశబ్దానికి వాక్కు అనే అర్థం సంస్కృత నిఘంటువు అమరకోశం నానార్థవర్గంలో ఉన్నదే, కాబట్టి విరుపు కొత్తది కాదు. కానీ మూడో పాదంలో పాలు పట్టుకొచ్చి మాటను మళ్ళీ ఆవు దగ్గరికే చేర్చారు చూడండి, భలే!

గోదారి:
మంద చేరు వేళ మాటలు గలియఁగ
ఇష్టాగోష్ఠి పుట్టె నింపుగాను
పాత మాట మఱచి పంతుళ్ళు నవ్వినా
గోష్ఠి జరుగుచోట గోవులుండు

కృష్ణాతీరం: గోదారి గారూ, రెండో పాదం మొదటి గణం చూసుకోండి. "ఇష్టా" రెండూ గురువులే, ఆటవెలది రెండో పాదమంతా ఉండాల్సిన సూర్యగణం (గురువు-లఘువు లేదా మూడు లఘువులు) ఎక్కడిది? సమాసం ఇష్టగోష్ఠి, దీర్ఘం పత్రికల చలవ. పైగా "ఇంపుగాను" పాదం నింపడానికి వచ్చిందే తప్ప పద్యానికి ఏం చేసింది?

గోదారి: జనం నోట ఉన్నది ఇష్టాగోష్ఠే. నాయకులు కెమెరాలు ఆపించి విలేకరులతో మాట్లాడితే పేపర్లన్నీ అలాగే రాస్తాయి. సరే, ఛందస్సు కోసం హ్రస్వం చేసుకోండి. మరి కార్తీకమాసం పూరణలో మీరు "రామప్రభువు"లో మకారాన్ని లఘువు చేసినప్పుడు ఈ పట్టింపు ఏమైంది?

కృష్ణాతీరం: అక్కడ రెండు మాటలుగా విడదీసి చదవాలి.

ఓరుగల్లు: కుదరదండీ, సంస్కృత సమాసం, తర్వాత "ప్ర" ఉంది కాబట్టి మ గురువే, ఆ రోజూ ఇదే చెప్పాను. ఈసారి మాత్రం నా ఓటు గోదారి గారికి. గోష్ఠం అంటే పశువుల కొట్టం, అక్కడ చేరినవాళ్ళ కూడిక నుంచే గోష్ఠి పండితసభ దాకా వచ్చింది, అమరకోశంలో సభ, పరిషత్తుల సరసన కూర్చుంది. "మంద చేరు వేళ" అన్న ఎత్తుగడలోనే సమస్య విడిపోయింది, కోశం సాక్ష్యం కూడా అక్కర్లేకపోయింది.

సభాపతి: గుడివైపు ఎవరూ వెళ్ళలేదేం? వైష్ణవాలయాల్లో ఆళ్వార్ల పాశురాల దివ్యప్రబంధం కలిసి పఠించేవాళ్ళదీ గోష్ఠే, ఆ తర్వాత తీర్థప్రసాదగోష్ఠి ఉండనే ఉంది. ఆ దారిలో ఒక్క పూరణ వచ్చేదాకా ఫలితం ప్రకటించను.