పొద్దున బూట్ కాదు, ఫొటోలు కాపీ చేస్తే బిగుసుకుపోతుంది. హార్డ్ డిస్క్ పోయినట్టేనా?

పాతపెట్టె:
ఎనిమిదేళ్ల డెస్క్‌టాప్. విండోస్ ఎస్‌ఎస్‌డీలో ఉంది, ఫొటోలన్నీ 1 టీబీ హార్డ్ డిస్క్‌లో. పది రోజులుగా పొద్దున ఆన్ చేయగానే నల్ల తెర మీద "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అని వచ్చి కూర్చుంటోంది. బయోస్‌లోకి (విండోస్ కంటే ముందొచ్చే సెట్టింగుల తెర) వెళ్లి ఎస్‌ఎస్‌డీని బూట్ ఆర్డర్‌లో (ఏ డిస్క్ నుంచి ముందు లేవాలో చెప్పే వరస) పైకి తెచ్చి ఎఫ్10 కొడితే బుద్ధిగా లేస్తుంది. ఇక రోజంతా ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా పేచీ లేదు. మర్నాడు మళ్లీ మొదటికే.

రెండో గొడవ: ఫొటోలు కాపీ చేస్తుంటే మధ్యలో స్పీడు సున్నాకి పడిపోయి, అర నిమిషం ఆగి, మళ్లీ కదులుతుంది. మా అమ్మాయి తప్పటడుగుల నుంచి పదో తరగతి దాకా అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో కాపీ లేదు (తిట్టండి, పడతాను). రిపేర్ చేసే అతను ఫోన్లో విని, చూడకుండానే "డిస్క్ పోయిందండీ, మార్చేయండి" అన్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

చకచకా:
చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ కమాండ్) కొట్టి రాత్రంతా వదిలేయండి. నాకు అలాగే బాగైంది.

రాత్రిడ్యూటీ:
పాతపెట్టె గారూ, అది ఇప్పుడే వద్దు. స్లాష్ ఆర్ అంటే డిస్క్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు చదివిస్తుంది. నిజంగా కొన ఊపిరితో ఉన్న డిస్క్ అయితే ఆ శ్రమకే పోవచ్చు. ఆగుతూ ఆగుతూ అయినా సరే, ముందు ఫొటోలు బయటికి తీయండి.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్క్ ఆరోగ్యం చూపే ప్రోగ్రామ్) వేసి 05, సీ5, సీ7 అనే వరసల చివర రా వాల్యూ (అసలు లెక్క) ఎంతుందో చెప్పండి. ఇంకో మాట: రాత్రి గోడ దగ్గర స్విచ్ కూడా కట్టేస్తారా? పొద్దున బయోస్‌లో తేదీ ఏం చూపిస్తోంది?

పాతపెట్టె:
ఫొటోలు తీశాను. నాలుగు గంటలు పట్టింది, ఒక్కటీ పోలేదు!

స్విచ్ రోజూ కట్టేస్తాను. ఆదివారం రాత్రి మాత్రం మర్చిపోయాను. ఇప్పుడు మీరడిగాక గుర్తొస్తోంది, సోమవారం పొద్దున ఏ గోలా లేకుండా లేచింది. బయోస్‌లో తేదీ 2016 జనవరి 1. విండోస్‌లోకి వచ్చాక ఇంటర్నెట్‌తో సరిపోతుంది కాబట్టి ఎప్పుడూ పట్టించుకోలేదు. 05, సీ5 రెండూ సున్నాలే. సీ7 చివర డీ4 అని ఉంది. ఇదేం లెక్క?

రాత్రిడ్యూటీ:
ఆదివారమే జవాబు చెప్పేసింది. మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 సెల్ అయిపోయింది. గోడ స్విచ్ వేసి ఉంటే, పీసీ ఆపినా బోర్డుకి కాస్త కరెంటు అందుతూనే ఉంటుంది, సెట్టింగులు నిలుస్తాయి. కట్టేస్తే ఆ సెల్ ఒక్కటే దిక్కు. అది లేక తేదీతో పాటు బూట్ ఆర్డర్ కూడా మొదటికి పోతోంది. అప్పుడు బోర్డు విండోస్ లేని డిస్క్‌ని ముందు తడిమి, ఏమీ దొరక్క చేతులెత్తేస్తోంది.

డీ4 హెక్సాలో (పదహార్లతో లెక్కపెట్టే పద్ధతి) ఉంది. అందులో డీ అంటే 13: 13 పదహార్లు, ఇంకో 4, అంటే 212. సీ7 అంటే డిస్క్‌కీ బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిన సార్లు. దానికి నేను ముందు ఆ రెంటినీ కలిపే సాటా కేబుల్‌నే అనుమానిస్తాను. డిస్క్ పళ్లెమే పాడైతే సాధారణంగా పాడైన, అనుమానం ఉన్న చోట్లను లెక్కపెట్టే 05, సీ5 కదులుతాయి. కేబుల్ మార్చినా ఆ అంకె తగ్గదు, కంగారుపడకండి. ఇక పెరగకపోతే చాలు.

చకచకా:
ఒప్పుకుంటున్నా. నేను తేదీ సంగతి అడగనే లేదు.

పాతపెట్టె:
పవర్ కేబుల్ పీకేసి పెట్టె విప్పాను. దుమ్ము సంగతి వదిలేయండి. సాటా కేబుల్ పక్క మూతకి ఒరుసుకుని మడత పడి ఉంది, డిస్క్ వైపు క్లిప్పు విరిగి వేలాడుతోంది. వేలితో తాకితే చాలు, ఊగుతోంది. పోయినసారి ఫ్యాన్ శుభ్రం చేసి మూత నొక్కి బిగించింది నేనే!

కొత్త కేబుల్ వేశాను, సెల్ మార్చాను, తేదీ, బూట్ ఆర్డర్ మళ్లీ పెట్టాను. మూడు రాత్రులు గోడ స్విచ్ కట్టేశాను, మూడు పొద్దులూ నేరుగా విండోస్‌లోకి వచ్చింది. నిన్న 40 జీబీ ఆగకుండా కాపీ అయింది. సీ7 ఇంకా డీ4 దగ్గరే ఉంది. ఫొటోల రెండో కాపీ బీరువాలో పెట్టాను.